పిండి మచ్చ

నేను పిరికిదాన్ని. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ఎవరైనా తలుపు గట్టిగా కొడితే చాలు, నా పై ప్రాణాలు పైనే పోతాయి. పిల్ల తుమ్మితే డాక్టరు దగ్గరికి పరిగెడతాను. అలాంటి నేను పొద్దస్తమానం ఎముకల మధ్య కూర్చుంటానంటే మా వీధిలో ఎవరూ నమ్మరు. వేల ఏళ్ళ కిందట పోయినవాళ్ళతో భయమేముంది? వాళ్ళకి జరగాల్సిందంతా జరిగిపోయింది. నా భయమంతా ఇంకా జరగనివాటి గురించే.

ఆ ఎండాకాలం ఊరి చివర నీళ్ళ ట్యాంకుకి పునాది తవ్వుతుంటే పుర్రె ఒకటి బయటపడింది. కాసేపటికి ఇంకొకటి. పని ఆపి పురావస్తు శాఖలో ఉన్న మమ్మల్ని పిలిచారు. తవ్వేకొద్దీ అదొక పాత శ్మశానమని తేలింది. వానలు పడితే గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి కాబట్టి ఈలోపే అంతా తీసెయ్యాలన్నాడు మా పెద్దసారు. పక్కనే రేకుల షెడ్డు వేసి బల్లలు పరిచారు. గుంటలోంచి వచ్చిన ఎముకల్ని మెత్తటి కుంచెతో శుభ్రం చేసి, మనిషి పడుకున్నట్టే బల్లమీద పేర్చి, ఆడో మగో, వయసెంతో, ఏ జబ్బు చేసిందో చూసి చెప్పడం నా పని.

ఆ శ్మశానంలో అందరినీ వెల్లకిలా పడుకోబెట్టారు. తల పక్కన చిన్న మట్టికుండ. అంతా పద్ధతిగా ఉంది. చివర మాత్రం, ఒకప్పుడు కాలవ పారిన ఆనవాలుకి అవతల, వేరే వరస ఒకటి ఉంది. వాళ్ళని బోర్లా పడుకోబెట్టారు. కుండ లేదు. పాదాల మీద ఒక్కొక్కరికీ ఒక్కో పలకరాయి. మొదటి మనిషిని బల్లమీద పేర్చగానే నాకు విషయం తెలిసిపోయింది. ముక్కు దగ్గరి ఎముక అరిగి వెడల్పైపోయింది. పై పళ్ళు కూర్చున్న చోటు కరిగిపోయింది. వేలి చివరి ఎముకలు చెక్కిన పెన్సిళ్ళలా సన్నబడ్డాయి. కుష్ఠు. వరసలో రెండో మనిషీ అంతే, మూడో మనిషీ అంతే.

ఇంటికొచ్చేసరికి మా అత్తయ్య వీధికుళాయి దగ్గర బకెట్టూ సబ్బూ సిద్ధంగా పెట్టి ఉంచేది. కాళ్ళూ చేతులూ మోచేతుల దాకా కడిగితే గాని గుమ్మం తొక్కనిచ్చేది కాదు. ఎవరి ఉసురు ఎలా తగులుతుందో, రొట్టెలమ్ముకునే ఇల్లు అనేది. మాది బేకరీ. ముందు కొట్టు, వెనక బట్టీ, మేడమీద మేము. పిండి కలపడం మా ఆయన పని, కాల్చడం అత్తయ్య పని. బట్టీలోంచి బాగా కాలిన రొట్టెల రేకుల్ని ఆవిడ గుడ్డ లేకుండా ఒట్టి చేత్తో లాగేసేది. వీధంతా ఆవిణ్ణి అగ్గిచేతులమ్మ అని పిలిచేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ వింత చూడ్డానికే ఒక బన్ను ఎక్కువ కొనేవాళ్ళు. మా ఆయన కూడా గొప్పగా చెప్పుకునేవాడు, మా అమ్మ చేతికి నిప్పే భయపడుతుందని.

ఆ సాయంత్రం తింటూ ఆ చివరి వరస గురించి చెప్పాను. రాళ్ళెందుకని మా బుడ్డది అడిగింది. పోయినవాళ్ళు లేచి మళ్ళీ ఇంటికి రాకుండా అన్నాను. పిల్ల కళ్ళు ఇంతింత చేసుకుని వాళ్ళ నాన్నమ్మ ఒళ్ళో దూరింది. అత్తయ్య దానికి ముద్ద పెట్టబోతూ ఆగింది.

"ఆ రాయి వాళ్ళింట్లోవాళ్ళే పెట్టారా?"

"ఇంకెవరు పెడతారు అత్తయ్యా? ఎవరి మనిషిని వాళ్ళే పూడ్చుకునేది" అన్నాను, పప్పు వడ్డించుకుంటూ.

ఆవిడ చేతిలో ఆగిన ముద్దని పిల్ల నోట్లో పెట్టింది.

కొన్నాళ్ళకి, ఒక పొద్దున, డబ్బాలో పెట్టుకోవడానికి బన్ను కోసం కిందికి దిగాను. అత్తయ్య అప్పుడే బట్టీలోంచి తీసిన రేకు పట్టుకుని నిలబడి, మోకాళ్ళ నొప్పులున్న ఒకాయనకి ఏదో నూనె గురించి చెబుతోంది. ఏదో మాడుతున్న వాసన. రొట్టె మాడితే వచ్చే వాసన నాకు తెలుసు, ఇది అది కాదు. ఆవిడ నవ్వుతూనే ఉంది. చూస్తే రేకు అంచు చిటికెన వేలికి అంటుకుపోయి ఉంది.

రేకు లాగేసి ఆవిణ్ణి కుళాయి దగ్గరికి ఈడ్చుకెళ్ళాను. వేలంతా తెల్లగా ఉబ్బింది. అయ్యో, మాటల్లో పడి చూసుకోలేదే అంది ఆవిడ, వేరెవరి వేలో అయినట్టు. నీళ్ళు పోస్తూ మోచేతికి అంటిన పిండి తుడిచాను. కొంచెం పోయింది, కొంచెం పోలేదు. మళ్ళీ తుడిచాను. రూపాయి బిళ్ళకన్నా పెద్ద మచ్చ, చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయి ఉంది. ఎన్నాళ్ళనుంచి చూస్తున్నామో దాన్ని. అందరం పిండే అనుకున్నాం. ఆ మచ్చమీద గట్టిగా గిల్లాను. ఆవిడ కొట్టువైపు చూస్తూ, ఆ నూనె పేరు చెప్పడం మర్చిపోయాను, ఉండమను ఆయన్ని అంది.

ఆ రోజు షెడ్డుకి ఎలా వెళ్ళానో నాకు గుర్తులేదు. బల్లమీద ఆ వరసలోని మనిషి వేళ్ళు నాకోసం అలాగే ఉన్నాయి. పొద్దంతా జబ్బు ఎక్కడుందా అని వెతికే నేను, ఇంట్లో అది పక్కనే కూర్చుని నా పిల్లకి అన్నం తినిపిస్తుంటే చూడలేకపోయాను. దీపం కింద చీకటంటే ఇదే. పిల్ల నోరు, మా ఆయన చేతులు, రోజూ ఆ రొట్టెలు కొనుక్కుపోయే జనం, అందరూ కళ్ళముందు తిరిగారు. సంగతి వీధిలో తెలిస్తే ఒక్క బన్ను కూడా ఎవరూ కొనరు. ఇంకో భయం కూడా ఉంది, చెప్పడానికే సిగ్గు. ఇదంతా నేనే తెచ్చానేమో. అంత పాత ఎముకల్లో ఏ పురుగూ బతికుండదని నాకు తెలుసు, నలుగురికి పాఠం చెప్పిందాన్ని. అయినా ఆ సాయంత్రం అత్తయ్య చెప్పకుండానే చేతులు మళ్ళీ మళ్ళీ తోముకున్నాను.

మా ఆయనకి చెప్పలేదు. డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళలేదు. ముందు ఎముక చూద్దామనుకున్నాను. నాకు తెలిసిన చదువు అదొక్కటే. జబ్బున్నదీ లేనిదీ ఎముకే చెప్పాలి నాకు.

షెడ్డులో ఎముకలకి ఎక్స్‌రే తీసే చిన్న యంత్రం ఉండేది. వేలికి వాతం పట్టిందేమో చూద్దామని అత్తయ్యని రమ్మన్నాను. ఆ షెడ్డులో అడుగుపెట్టనని ఎన్నోసార్లు ఒట్టేసిన మనిషి, మారుమాట లేకుండా వచ్చింది. అది చూసైనా నాకు అనుమానం రావాల్సింది. అందరూ భోజనాలకి వెళ్ళాక, యంత్రం పలకని స్పిరిటుతో రుద్ది రుద్ది తుడిచి, పొద్దున ఆ వరసలోని మనిషి చేతి ఎముకలు పెట్టిన చోటే ఆవిడ చెయ్యి పెట్టాను. ఆవిడ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని మొహం పక్కకి తిప్పుకుంది. బల్లమీద వాళ్ళ వైపు చూడలేదు.

ఫిల్ము దీపానికి ఎదురుగా పట్టుకున్నాను. ఒక్కో వేలూ చూశాను. చివరలు గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. ఎక్కడా అరుగు లేదు, సన్నబడటం లేదు. చిటికెన వేలు కూడా చక్కగా ఉంది.

"మీ ఎముకలు నాకంటే గట్టివి అత్తయ్యా" అన్నాను. ఎంత గట్టిగా నవ్వానంటే బయట కాపలావాడు తొంగిచూశాడు. ఆవిడ కూడా నవ్వింది గాని, నా మొహంలోకి చూసి ఏదో అడగబోయి మానేసింది. ఆ పూట కడుపునిండా తిన్నాను. గాలిపీల్చుకోవడం కొత్తగా నేర్చుకున్నట్టుంది నాకు.

ఆ తర్వాత ఎండలు ముదిరాయి, పని కూడా ముదిరింది. చూస్తుండగానే వారాలు గడిచాయి. ఆకాశంలో మబ్బులు కనిపించడం మొదలుపెట్టాక ఆ చివరి వరసలో ఆఖరి మనిషిని పైకి తీశారు. వయసులో ఉన్న ఆడమనిషి. ఆమెనీ బోర్లా పడుకోబెట్టారు, ఆమె పాదాలమీద కూడా రాయి ఉంది. మిగతావాళ్ళ రాళ్ళకన్నా పెద్దది.

ఆమెని పేరుస్తుంటే నాకు ఆశ్చర్యం వేసింది. ముక్కు బాగుంది. పళ్ళు వరసగా ఉన్నాయి. వేళ్ళూ కాళ్ళూ అన్నీ శుభ్రం. ఎముక ఎముకా తిప్పి చూశాను, ఏ గుర్తూ లేదు. పెద్దసారు వచ్చి బల్లచుట్టూ తిరిగాడు. ఆయనకి ప్రతిదానికీ ఒక సిద్ధాంతం ఉంటుంది, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. జబ్బు మనుషుల వరసలో జబ్బులేని మనిషి ఉందంటే, ఏదో తప్పు చేసి ఉంటుంది, శిక్షగా అక్కడ పూడ్చి ఉంటారు అన్నాడు. కాదంటే మొగుడి పక్కన పెట్టమని అడిగి ఉంటుందన్నాడు. నేను తలూపుతూ ఆమె కుడిచెయ్యి పేరుస్తున్నాను. చిటికెన వేలి చివరి ఎముక అరచేతిలో పెట్టుకున్నాను. గుండ్రంగా, నిండుగా ఉంది. ఈ ఎముకని నేను ఇంతకుముందు చూశాను. ఫిల్ములో చూశాను. చూసి నవ్వాను కూడా.

ఆ ఎముకని బల్లమీద దాని చోట పెట్టాను.

"జబ్బు ఉందండీ ఈమెకి" అన్నాను.

"ఎక్కడమ్మా? ఎముక శుభ్రంగా ఉందని మీరే అన్నారు కదా."

"ఎముకకి ఇంకా తెలియలేదండీ. చుట్టూ ఉన్నవాళ్ళకి తెలిసిపోయింది. ఒంటిమీద చూసి ఉంటారు."

ఆయన కళ్ళద్దాలు తీసి, ఆమె వైపు చాలాసేపు చూశాడు. పన్నులో ఆ పురుగు ఆనవాలు మిగిలి ఉంటుందేమో, ఒకటి పరీక్షకి పంపిద్దామన్నాడు. అప్పటికే నేను ఏప్రన్ విప్పేస్తున్నాను. ఒంట్లో బాగాలేదని చెప్పి బస్సెక్కాను. బస్సు ఆగిన ప్రతిచోటా ఆ డ్రైవర్ని మనసులో తిట్టుకున్నాను.

ఇంటికొచ్చేసరికి బట్టీ దగ్గర మా ఆయన ఒక్కడే ఉన్నాడు. అమ్మకి ఈమధ్య ఏమైందో, రేకులన్నీ నన్నే తీయమంటోంది అన్నాడు. బుడ్డది మెట్లమీద మూతి ముడుచుకు కూర్చుని ఉంది. నాన్నమ్మ ఎత్తుకోవట్లేదమ్మా, అన్నం కూడా చెంచాతో పెడుతోంది అంది. ఎప్పటినుంచే అంటే, వేలు కాలినప్పటినుంచి అంది.

నేను వెనక్కి తిరిగి కుళాయి గట్టు వైపు చూశాను. సబ్బు పక్కన ఒక కంచం, ఒక గ్లాసు కడిగి బోర్లించి ఉన్నాయి. అవి అత్తయ్యవి. వేల ఏళ్ళ కిందటి జబ్బులు వెతుకుతూ రోజూ ఆ గట్టు దగ్గరే చేతులు కడుక్కున్నాను, ఒక్కరోజు కూడా వాటిని చూడలేదు.

ఆవిడ పెరట్లో పిండి బస్తాలు పెట్టే గదిలో చాప పరుచుకుని కూర్చుని ఉంది. నా మొహం చూసి జరిగి చోటిచ్చింది, కొంచెం ఎక్కువే జరిగింది. ఆవిడే అంది.

"పెద్దరోగమేగా?"

"డాక్టరు చూడాలి అత్తయ్యా. నేను... ఎముక బాగుంటే బాగున్నట్టే అనుకున్నాను."

"నువ్వు గిల్లింది చూశానమ్మాయ్. తగల్లేదు గాని, చూశాను. గిల్లి నీ మొహం ఎలా అయిపోయిందో కూడా చూశాను. ఆ షెడ్డులో నువ్వు నవ్వితే లేదేమో అనుకుందామనుకున్నా. మనసు ఒప్పుకోలేదు."

"మరి వేరుగా కంచం ఏమిటి? ఈ గది ఏమిటి? ఎవరన్నారు మిమ్మల్ని?"

"రాయి ఇంట్లోవాళ్ళే పెడతారన్నావుగా" అంది అత్తయ్య మెల్లిగా. "మీ చేత పెట్టించడం ఎందుకని."

నాకు ఏడుపొచ్చింది, భయమూ వేసింది, ఏది ముందొచ్చిందో తెలియదు. లేచి వెళ్ళి గట్టుమీది కంచం, గ్లాసు తీసుకుని వంటింట్లో మా కంచాల మధ్య పెట్టాను. అలా పెట్టడం ధైర్యమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పెట్టిన వెంటనే వెళ్ళి చేతులు కడుక్కున్నాను. తలెత్తితే ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"కడుక్కో" అంది. "పిల్లతల్లివి. కడుక్కోవాలి."

మర్నాడే చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం, నలుగురం. దారిలో మా ఆయనకి చెప్పాను. ఆయన వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని, ఆస్పత్రి వచ్చేదాకా వదల్లేదు. డాక్టరమ్మ దూదితో తాకి, కలం మొనతో తాకి, మోచేతి వెనక నరం వత్తి చూసింది. నేను ఎందుకైనా మంచిదని తెచ్చిన ఫిల్ము ఇచ్చాను. ఆవిడ దాన్ని కవరులోంచి తీయకుండానే పక్కన పెట్టింది.

"ఎముక ఆఖర్న చెబుతుందమ్మా. చర్మం ముందు చెబుతుంది."

నయమయ్యే జబ్బే అంది. నెలల తరబడి మాత్రలు మింగాలి, కాని మొదలుపెట్టిన కొద్దిరోజులకే ఇంక ఎవరికీ అంటదు, వేరే కంచం అవసరం లేదు, ఎవరినీ వేరుగా పెట్టక్కర్లేదు అంది. వేళ్ళకి స్పర్శ వస్తుందా అని అడిగాను. కొత్తగా పోయిందైతే నరానికి మందిస్తే రావచ్చు, ఆలస్యమైతే రాదు, ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకురాలేదని అడిగింది. అత్తయ్య నాకంటే ముందే అందుకుని, నేనే మొండికేశానమ్మా అంది. తర్వాత డాక్టరమ్మ మా ముగ్గురినీ పరీక్షించింది. బుడ్డదాన్ని దీపం కింద నిలబెట్టి వీపు, చెవులు, కాళ్ళు వెతుకుతుంటే నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. పిల్ల తొడమీద తెల్లటి చుక్క కనిపించింది. డాక్టరమ్మ గోటితో గీకితే ఊడిపోయింది. పిండి.

వానలు వచ్చేశాయి. గుంటలు పూడ్చేశారు. ఎముకల్ని పెట్టెల్లో సర్దే రోజున ఆ చివరి ఆమె పెట్టెలో పాదాలమీది రాయి కూడా పెట్టాలా అని అడిగారు. రాళ్ళకి వేరే పెట్టె ఉంది, అందులో పడెయ్యండి అన్నాను. కొన్నాళ్ళకి పెద్దసారు ఫోను చేశాడు. పన్నులో జబ్బు బయటపడిందట. మీరన్నదే నిజమమ్మా, చాలా పెద్ద విషయం ఇది, ఎలా పట్టుకున్నారు అన్నాడు. అలా తోచిందండీ అన్నాను.

వీధికి మేం చెప్పలేదు. నలుగురికీ తెలిస్తే ఏమిటి, మందు మింగుతున్నాగా అనేది అత్తయ్య. ఆవిడకి ధైర్యం ఉంది, వద్దని కాళ్ళావేళ్ళా పడింది నేనే. ఆవిడ బట్టీ వదిలేసి కొట్టులో కూర్చునేది. అగ్గిచేతులమ్మ రేకు తీసి చూపించడం లేదేమని ఎవరైనా అడిగితే, నిప్పుకీ నాకూ మాటల్లేవు అని నవ్వేసేది. గుమ్మం ముందు ఇద్దరు నిలబడి గుసగుసలాడితే చాలు, నాకు చెమటలు పట్టేవి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకాన్ని నేను.

ప్రతి ఆదివారం ఆవిణ్ణి కళ్ళు మూసుకోమని దూదితో వేళ్ళు తాకేదాన్ని. తగిలినప్పుడు చెప్పమనేదాన్ని. ఆఁ, తగిలింది అనేది ఆవిడ. ఇప్పుడో అంటే, ఇప్పుడూ తగిలింది అనేది, నేను అసలు తాకకపోయినా. నా భయం తగ్గించడానికి ఆవిడ ఆడే అబద్ధం అది. దానితో నా భయం రెట్టింపయ్యేది. ఆ చిటికెన వేలు చూసినప్పుడల్లా, నేను నవ్వుతూ పోగొట్టిన వారాలు గుర్తొచ్చేవి. నిద్రలో కూడా ఆ ఎముక సన్నబడుతున్నట్టే ఉండేది.

ఒక సాయంత్రం కుండపోతగా వాన. తడిసినవాళ్ళందరూ మా కొట్టులో దూరారు. కాలు పెట్టే చోటు లేదు. మా ఆయన బట్టీలోంచి రేకు లాగి, జనం మధ్యనుంచి పైకెత్తి తెస్తూ తడినేలమీద జారాడు. రేకు ఒరిగింది. అత్తయ్య పాత అలవాటుకొద్దీ చటుక్కున చెయ్యి చాపి పట్టుకుంది.

పట్టుకున్నది పట్టుకున్నట్టే వదిలేసింది. రేకు దడాలున పడింది, బన్నులన్నీ జనం కాళ్ళ మధ్యకి దొర్లాయి. ఆవిడ నోటినుంచి ఒక బూతుమాట వచ్చింది. అలాంటి మాట మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. కొట్టంతా నోళ్ళు వెళ్ళబెట్టింది. నేను జనాన్ని తోసుకుని పరిగెత్తాను. ఆవిడ చెయ్యి విదిలిస్తూ, చిటికెన వేలు ఊదుకుంటూ, నోట్లో పెట్టుకుంటూ, తీసి చూసుకుంటూ, మళ్ళీ నోట్లో పెట్టుకుంటోంది.

నేలమీద కూలబడిన మా ఆయన లేవకుండా అలాగే వాళ్ళమ్మ వైపు చూస్తూ ఉండిపోయాడు.

"కాలిందే అమ్మాయ్" అంది అత్తయ్య. "మంటెత్తిపోతోంది."

బుడ్డది నా కొంగు లాగి, నాన్నమ్మ బూతుమాట అందమ్మా అని ఫిర్యాదు చేసింది. నేను అత్తయ్య చెయ్యి పట్టుకున్నాను. అది వేడిగా, తడిగా ఉంది. ఈసారి కడుక్కోవాలన్న సంగతే నాకు గుర్తుకు రాలేదు.

"ఏమన్నారు అత్తయ్యా?" అన్నాను. "ఇంకోసారి అనండి."